ఇంటి అవసరాలకు ఎలక్ట్రిక్ కారు: రేంజి, ఛార్జింగ్, ఖర్చులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునే ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇవే సందేహాలు తలెత్తుతాయి. అమ్మేవారు బ్రోషర్‌లోని అంకెలు చెబుతారు. వద్దనేవారు ఎక్కడో విన్న సంగతులు చెబుతారు. ఎవరికి వారు తమ ఇంటి లెక్క వేసుకోవడానికి పనికొచ్చే జవాబులను ఇక్కడ కూర్చాను. ధరలన్నీ 2025 నాటివి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు సంబంధించినవి. అవి మారినప్పుడు కొత్త అంకెలు పెట్టి మళ్లీ లెక్క చూసుకోండి. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లవచ్చు.

## కొనే ముందు

బ్రోషర్‌లో 489 కిలోమీటర్లు అని రాశారు. నిజంగా ఎంత వస్తుంది?

టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారులో 45 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ రకానికి ఇచ్చిన రేంజి, అంటే ఒక్క ఛార్జ్‌తో నడిచే దూరం, అది. ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల్లో చేసే పరీక్షలో వచ్చేది. ఆ పరీక్షలో వేగం 90 కిలోమీటర్లు దాటదు. అదే కారు వాస్తవ వాడకంలో 350 నుంచి 370 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీయే వేరుగా ప్రకటించింది.

ఇంటిల్లిపాదీ ఎక్కి ఏసీ వేసుకుని వెళ్తే ఇలాంటి కారు యూనిట్‌కు 6 నుంచి 8 కిలోమీటర్లు నడుస్తుంది. 7 అనుకుంటే 45 యూనిట్లకు 315 కిలోమీటర్లు. దారిలో 10 శాతం కంటే కిందికి దించకూడదు కాబట్టి, ధైర్యంగా లెక్కలోకి తీసుకోదగినది 280 మాత్రమే. ఏ కారుకైనా బ్రోషర్ అంకెలో మూడింట రెండు వంతులు మీవి అనుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

ఎంత పెద్ద బ్యాటరీ ఉన్న కారు తీసుకోవాలి?

ఏడాదికి ఒకసారి చేసే ప్రయాణాన్ని కాదు, నెలనెలా చేసే ప్రయాణాన్ని చూసి నిర్ణయించుకోండి. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది ఆఫీసుకూ బడికీ బజారుకూ మాత్రమే అయితే టియాగో ఎలక్ట్రిక్‌లాంటి 24 యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది. ఇంటికి ఉన్నది ఇదొక్కటే, నెలకోసారైనా 150 కిలోమీటర్ల దూరంలోని సొంతూరికి వెళ్లి రావాలంటే 38 నుంచి 45 యూనిట్ల మధ్య చూడండి. నెలకు రెండు మూడుసార్లు 250 కిలోమీటర్లు దాటి తిరిగేవారికే 50 యూనిట్ల పైమాట. క్రెటా ఎలక్ట్రిక్‌లో 51.4, మహీంద్రా బీఈ 6లో 59, 79 యూనిట్ల రకాలు ఉన్నాయి.

బ్యాటరీ పెరిగితే ధరే కాదు, కారు బరువూ పెరుగుతుంది. వాడని సామర్థ్యాన్ని రోజూ మోసుకు తిరగడం నాకు సబబుగా అనిపించదు.

అద్దె ఇంట్లో ఉంటున్నాం, సొంత పార్కింగ్ లేదు. కొనవచ్చా?

ఇప్పటికి వద్దనే చెబుతాను. రాత్రి నిలిపిన చోటే ఛార్జ్ ఎక్కడం ఎలక్ట్రిక్ కారులోని అసలు సౌకర్యం, అసలు ఆదా కూడా. అది లేకపోతే వారానికి ఒకటి రెండుసార్లు బయటి ఛార్జర్ దగ్గర కూర్చోవాలి. అక్కడ యూనిట్‌కు చాలాచోట్ల 18 నుంచి 25 రూపాయలు పడుతుంది. ఆ ధరలో 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. కిలోమీటరుకు మూడు రూపాయల పైన తేలుతుంది. పెట్రోలు కంటే ఇప్పటికీ తక్కువే, కానీ కారు కోసం అదనంగా పెట్టిన డబ్బు వెనక్కి రావడం చాలా ఆలస్యమవుతుంది. ఆఫీసులో ఉచితంగానో తక్కువ ధరకో ఛార్జింగ్ ఇస్తుంటే మాత్రం మళ్లీ ఆలోచించవచ్చు. ఇంటి యజమాని పార్కింగ్‌లో ఒక్క 15 ఆంపియర్ల ప్లగ్ పెట్టుకోనిచ్చినా చాలు. ముందు ఆ మాట అడగండి, తర్వాతే షోరూమ్‌కు వెళ్లండి.

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే గిట్టుబాటు అవుతుంది?

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు దాదాపు 107 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు 7 రూపాయలు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారు ఇంట్లోనే ఛార్జ్ అయితే, ఆ యూనిట్లన్నీ పై శ్లాబులో పడ్డాయనుకున్నా, కిలోమీటరుకు ఒకటిన్నర రూపాయి.

అదే స్థాయి పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్‌కు 4 లక్షలు ఎక్కువ పెట్టారనుకుందాం. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో పెట్రోలుకు 8,560, కరెంటుకు 1,800 రూపాయలు. నెలకు 6,700 పైన మిగులుతుంది, ఐదేళ్లలో ఆ 4 లక్షలు వచ్చేస్తాయి. నెలకు 2,000 కిలోమీటర్లయితే మూడేళ్లు చాలు. 500 కిలోమీటర్లే తిరిగేవారికి నెల ఆదా 2,800 మాత్రమే. 4 లక్షలు రాబట్టడానికి పన్నెండేళ్లు పడుతుంది. అలాంటివారు నిశ్శబ్దం కోసమో, పొగ లేకపోవడం కోసమో, నడపడంలోని హాయి కోసమో కొనవచ్చు. ఆదా కోసం అని మాత్రం కొనవద్దు.

షోరూమ్‌లో రెండు కార్లకూ రోడ్డు మీదికి వచ్చే మొత్తం ధర రాయించుకుని, ఆ తేడానే ఈ లెక్కలో పెట్టండి. పన్నులు, బీమా కలపని ఎక్స్ షోరూమ్ ధరలు పోల్చితే తప్పు అంకె వస్తుంది. తెలంగాణలో రోడ్డు పన్ను మినహాయింపు వల్ల కొన్ని కార్ల మధ్య తేడా రెండు లక్షలకే దిగుతుంది.

ప్రభుత్వం నుంచి ఏమేమి రాయితీలు వస్తాయి?

ఎలక్ట్రిక్ కారుపై జీఎస్టీ 5 శాతం. 2019 ఆగస్టు 1 నుంచి ఇదే అమల్లో ఉంది. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీని 18 శాతానికి తగ్గించడంతో రెండింటి మధ్య ధరల తేడా మునుపటికంటే పెరిగింది. పాత వ్యాసాల్లోని పోలికలు అందుకే ఇప్పుడు సరిపోవు.

తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. పది లక్షలు దాటిన కారుకు ఈ ఒక్కటే లక్షన్నర పైన మిగులుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవారు రవాణా శాఖ కార్యాలయంలో ఆ నెల అమల్లో ఉన్న నిబంధన అడిగి తెలుసుకోవాలి.

రుణంపై కట్టే వడ్డీలో లక్షన్నర వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31లోపు మంజూరైన రుణాలకే వర్తిస్తుంది. కొత్తగా తీసుకునే రుణానికి అది ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. సొంత వాడకం కార్లకు కేంద్రం నేరుగా ఇచ్చే సబ్సిడీ కూడా లేదు.

కారు ధర తగ్గించి బ్యాటరీకి కిలోమీటరు చొప్పున కట్టే పథకం లాభమా?

ఎంజీ విండ్సర్‌ను 2024లో ఈ పద్ధతిలో తెచ్చినప్పుడు బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయలు అన్నారు. దానికి కరెంటు ఖర్చు ఒకటిన్నర కలిపితే 5 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు 7 రూపాయలు. అంటే రోజువారీ ఆదాలో ఎక్కువ భాగం బ్యాటరీ అద్దెకే పోతుంది. తక్కువ తిరిగేవారికి, ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేనివారికి ఇది కలిసిరావచ్చు. సంతకం చేసే ముందు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాల్సిందే అనే షరతు ఉందేమో, కారు అమ్మేటప్పుడు ఒప్పందం ఎవరి మీదికి వెళ్తుందో చదవండి. బాగా తిరిగేవారు బ్యాటరీతో సహా కొనుక్కోవడమే మేలు.

## ఇంట్లో ఛార్జింగ్

మామూలు ప్లగ్‌లో పెడితే ఛార్జ్ అవుతుందా?

అవుతుంది. గీజరుకు, ఏసీకి వాడే 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్ కావాలి. ఫోను ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్ పనికిరాదు. కారుతో వచ్చే తీగ ఛార్జర్ గంటకు రెండున్నర నుంచి మూడు యూనిట్లు తీసుకుంటుంది. రాత్రి తొమ్మిది గంటలు పెడితే, నష్టాలు పోగా 140 నుంచి 165 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. రోజూ 40, 50 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి వారానికి రెండు మూడు రాత్రులు చాలు.

మరి 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ ఎందుకు?

45 యూనిట్ల బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యి ఇంటికి వస్తే 15 ఆంపియర్ల ప్లగ్‌లో నిండటానికి పదిహేను గంటల పైనే పడుతుంది. గోడ ఛార్జర్‌లో ఆరేడు గంటలు. ఊరి నుంచి రాత్రి వచ్చి పొద్దున్నే మళ్లీ బయల్దేరేవారికి, రోజుకు 120 కిలోమీటర్లు దాటేవారికి ఇది అవసరం. మిగతావారికి సౌకర్యం మాత్రమే. కారుతో ఉచితంగా ఇస్తామన్నా, మీ ఇంటి కనెక్షన్‌కు అంత లోడు మంజూరై ఉండాలి. చాలదంటే విద్యుత్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు చేసి రుసుము కట్టాలి. సింగిల్ ఫేజు కనెక్షన్‌ను మూడు ఫేజులకు మార్చమని అడగవచ్చు. ఆ ఖర్చు కూడా ముందే తెలుసుకోండి.

వైరింగ్‌లో ఏం చూసుకోవాలి? ఛార్జర్ పెడితే ఎర్ర దీపం వెలిగి ఆగిపోతోంది.

ఎక్కువసార్లు కారణం ఎర్తింగే. ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ ముందు ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే కరెంటు తీసుకోదు. పాత ఇళ్లలో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల ఎర్త్ తీగ ప్లగ్ దాకా రానే రాదు. ఇన్నాళ్లూ ఫ్రిజ్, గీజరు పనిచేశాయి కాబట్టి ఎర్తింగ్ బాగుందనుకుంటాం. అవి ఎర్త్ లేకపోయినా నడుస్తాయి, కారు నడవదు. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. అది రెండు మూడు వోల్టులు దాటితే గొయ్యి బాగుచేయించాలి, లేదా కొత్తది తవ్వించాలి.

మీటరు బోర్డు నుంచి కారు ప్లగ్‌కు ప్రత్యేకంగా ఒక లైను వేయించండి. మరే ఉపకరణమూ దాని మీద ఉండకూడదు. 15 ఆంపియర్ల ప్లగ్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చు) పెట్టండి. 7.2 కిలోవాట్ల ఛార్జర్‌కు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ కావాలి, దూరం ఎక్కువైతే ఇంకా లావు తీగ వేయాలి. రెండింటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. షాకు తగిలితే క్షణంలో కరెంటు ఆపేది అదే. ఇంట్లో పిల్లలున్నప్పుడు ఈ ఒక్క దానిలో పొదుపు చేయవద్దు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎప్పుడూ వాడకండి. ఎనిమిది గంటలపాటు ఏకధాటిగా 13, 14 ఆంపియర్లు పారితే నాసిరకం ప్లగ్ కరిగిపోతుంది. మొదటి వారం, ఛార్జ్ అవుతుండగా గంట తర్వాత ప్లగ్‌ను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే ఆపి మార్పించండి.

అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

సంఘాలకు ఉండే భయాలు రెండు: ఉమ్మడి మీటరు బిల్లు, అగ్నిప్రమాదం. మీ ఫ్లాటు మీటరు నుంచే పార్కింగ్ దాకా తీగ వేసుకుంటామని, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించి పత్రం ఇస్తామని రాసి ఇస్తే మొదటిది పోతుంది, రెండోది చాలావరకు తగ్గుతుంది. తీగను గొట్టంలో, గోడవారగా తీసుకెళ్తామని ఒక బొమ్మ కూడా జతచేయండి. చట్టం కూడా కొంత మీ వైపు ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు వాహన ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ తీసుకునే అవకాశం కల్పించాయి. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం చోటుకు ఛార్జింగ్ సదుపాయం ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా నిబంధనలు తెచ్చింది. అయినా నా సలహా: చట్టం మాట చివరికి దాచుకోండి. ఇరుగుపొరుగుతో గొడవపడి పెట్టించుకున్న ప్లగ్‌కు రోజూ కాపలా కాయాల్సి వస్తుంది.

కారు కోసం వేరే మీటరు తీసుకుంటే చవకా?

వాహన ఛార్జింగ్ కేటగిరీలో తెలంగాణలో యూనిట్ 6 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6.70. గృహ కనెక్షన్‌లో పై శ్లాబులు 9 రూపాయల దాకా, ఆపైకీ వెళ్తాయి. కాబట్టి ఇప్పటికే నెలకు 300 యూనిట్లు దాటే ఇంట్లో వేరే మీటరుతో యూనిట్‌కు రెండు మూడు రూపాయలు తగ్గుతుంది. అయితే కొత్త కనెక్షన్ రుసుము, డిపాజిట్, నెలనెలా స్థిర ఛార్జీ ఉంటాయి. నెలకు 200 యూనిట్లలోపు ఛార్జింగ్‌కు ఈ తతంగం పెద్దగా లాభించదు. రెండు ఎలక్ట్రిక్ వాహనాలున్న ఇంటికి బాగా కలిసివస్తుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి, సగటున 6 రూపాయలు పడుతోంది కాబట్టి కారుకూ 6 అనుకుంటారు. కారు యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా చేరతాయి, అందుకే అవి పడేది పై శ్లాబులోనే.

నెలకు 1,200 కిలోమీటర్లు, యూనిట్‌కు 7 కిలోమీటర్ల చొప్పున 171 యూనిట్లు. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు పదో వంతుకు పైగా వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటరులో 195 పడుతుంది. తెలంగాణలో 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి నూటికి 7.70, ఆ తర్వాతి నూటికి 9, 400 దాటితే 9.50 రూపాయలు. ఇప్పటికే 300 వాడే ఇంటికి విద్యుత్ ఛార్జీ 1,790. దానికి 195 చేరితే 3,593. అంటే కారు వాటా 1,803 రూపాయలు.

నెలకు 180 యూనిట్లే వాడే చిన్న కుటుంబం సంగతి వేరు. 200 లోపు ఉన్నంతకాలం వారికి 3.40, 4.80 రూపాయల తక్కువ ధరలు వర్తిస్తాయి, ఛార్జీ 724 రూపాయలే. కారు వచ్చి 375కు చేరగానే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ ధర పడి 2,465 అవుతుంది. ఇంటి వాడకం తక్కువగా ఉన్నా కారు భారం దాదాపు అంతే, 1,741.

ఆంధ్రప్రదేశ్‌లో 225 యూనిట్లు దాటాక 400 వరకు 8.75, ఆపైన 9.75. అక్కడ కూడా 300 యూనిట్ల ఇంటికి 195 చేరితే పెరిగేది దాదాపు 1,800. సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

ఇంటిపైన సోలార్ పెట్టిస్తే కారు ఖర్చు పోతుందా?

చాలావరకు పోతుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకు 195 యూనిట్లు తాగే కారుకు 1.6 కిలోవాట్లు చాలు. కాబట్టి ఇంటి అవసరానికి అనుకున్నదానికి 2 కిలోవాట్లు కలిపి పెట్టించండి. నెట్ మీటరింగ్ ఉంటే పగలు గ్రిడ్‌కు ఇచ్చింది రాత్రి కారుకు తీసుకోవచ్చు, ఎండ ఉన్నప్పుడే ఛార్జ్ పెట్టనక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడో దానికి 18,000, మొత్తం గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. సోలార్ పై శ్లాబు యూనిట్లనే ముందు కోసేస్తుంది, కాబట్టి కారున్న ఇంట్లో పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది. సొంత డాబా ఉన్నవారికి ఇంతకంటే మంచి జోడీ నాకు కనబడదు.

పొలం దగ్గర మోటారు కనెక్షన్ ఉంది. అక్కడ ఛార్జ్ చేసుకోవచ్చా?

వద్దు. వ్యవసాయానికి ఇచ్చిన కరెంటును మరో పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం, జరిమానా పడుతుంది. సాంకేతికంగానూ ప్రమాదమే: మోటారు షెడ్లలో వోల్టేజీ నిలకడగా ఉండదు, ఎర్తింగ్ సరిగా ఉండదు. ఊళ్లోని ఇంట్లో ఒక మంచి ప్లగ్ వేయించుకుంటే ఆ సమస్య ఉండదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఛార్జ్ అవుతుందా?

కాదు. ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లకు, దీపాలకు ఉద్దేశించినది. దానికి కారు తగిలిస్తే నిమిషాల్లో ఆగిపోతుంది. కరెంటు తిరిగి రాగానే ఛార్జింగ్ దానంతటదే మొదలవుతుంది, మీరు లేచి చూడనక్కర్లేదు.

## రోజువారీ వాడకం

రోజూ 100 శాతం నింపవచ్చా?

బ్యాటరీ రకాన్ని బట్టి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వారానికో పది రోజులకో ఒకసారి 100 దాకా నింపమని కంపెనీలే చెబుతాయి, అప్పుడే మిగిలిన శాతం సరిగా కొలవగలుగుతుంది. నికెల్ కలిసిన రకమైతే రోజూ 80 దగ్గర ఆపి, ఊరికి వెళ్లే ముందు రాత్రే 100 చేయండి. మీ కారుది ఏ రకమో యజమాని పుస్తకంలో ఉంటుంది. ఏ రకమైనా పూర్తిగా నింపి ఎండలో రోజుల తరబడి నిలపకండి. నెల రోజులు ఊరు వెళ్తుంటే 50 శాతం దగ్గర వదిలి వెళ్లండి.

ఎండాకాలంలో ఏసీ వేస్తే రేంజి ఎంత తగ్గుతుంది?

రామగుండం, రెంటచింతల ఎండల్లో కాలిపోతున్న కారును చల్లబరచడానికి మొదటి పది నిమిషాలు ఏసీ 3 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. తర్వాత గంటకు ఒక యూనిట్, యూనిటున్నరకు దిగుతుంది. హైవే మీద గంటలో 80 కిలోమీటర్లు పోతాం కాబట్టి ఆ యూనిట్ పెద్దగా తెలియదు. పంజాగుట్ట ట్రాఫిక్‌లో గంటకు 15 కిలోమీటర్లు కదిలితే అదే యూనిట్ బాగా తెలుస్తుంది. ఛార్జర్‌కు తగిలించి ఉండగానే ఫోను యాప్‌తో ఏసీ వేసి చల్లబరచండి, ఆ ఖర్చు బ్యాటరీ మీద పడదు. చల్లగా కూర్చోవడానికి వెనకాడకండి. రేంజి కోసం పిల్లలను, పెద్దలను చెమటలో కూర్చోబెట్టాల్సిన పని లేదు.

వేగంగా నడిపితే తేడా వస్తుందా?

అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 దగ్గర ఉన్నదానికి 120 దగ్గర రెండుంబావు రెట్లు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుపై 120 దాకా అనుమతి ఉంది కదా అని అదే వేగంలో 158 కిలోమీటర్లూ చుట్టి వస్తే, 80లో వెళ్లినదానికంటే సగానికి పైగా ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. గమ్యం చేరతామా లేదా అనే అనుమానం వచ్చినప్పుడు ఏసీ ఆపడం కాదు, వేగం 75కు దించడం పనిచేస్తుంది.

## దూర ప్రయాణం

హైదరాబాద్ నుంచి విజయవాడ ఒకే ఛార్జ్‌తో వెళ్లగలమా?

దూరం దాదాపు 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల కారు 90, 100 వేగంలో యూనిట్‌కు 6 ఇస్తుంది, 46 యూనిట్లు కావాలి. కాబట్టి కుదరదు. 80లో వెళ్తే చేరవచ్చు కానీ చివరి 40 కిలోమీటర్లు మనసు మీటరు మీదే ఉంటుంది. కుటుంబంతో వెళ్తూ అలాంటి ప్రయాణం అవసరం లేదు.

దాదాపు సగం దూరంలో ఉన్న సూర్యాపేటలో ఆగండి. అక్కడికి సగం బ్యాటరీ మిగులుతుంది. టిఫిను చేసేలోపు 60 కిలోవాట్ల ఛార్జర్ మీద 80 శాతం దాటుతుంది. యూనిట్ 22 రూపాయలనుకుంటే 330 నుంచి 350 ఖర్చు, విజయవాడకు 30 శాతంతో చేరతారు.

తిరుగు ప్రయాణానికి మాత్రం కొంచెం ఎక్కువ పెట్టుకోండి. హైదరాబాద్ దాదాపు 500 మీటర్లు ఎత్తున ఉంది. నలుగురితో 1,700 కిలోల కారును అంత ఎత్తుకు తేవడానికే రెండు యూనిట్లకు పైగా కావాలి, అంటే 15 కిలోమీటర్ల రేంజి. వెళ్లేటప్పుడు ఇంత శాతం మిగిలింది కదా అని వచ్చేటప్పుడు అదే ఆశిస్తే కోదాడ దాటాక కంగారు పడతారు.

సంక్రాంతికి ఛార్జర్ల దగ్గర వరుసలు ఉంటాయా?

ఉంటాయి. పంతంగి టోలు దగ్గర బారులు తీరే రోజుల్లో ఛార్జర్ దగ్గర ముందు ఇద్దరుంటే గంటన్నర పోతుంది. భోగికి ముందు రెండు రోజులూ, కనుమ తర్వాతి రోజూ తెల్లవారుజామునే బయల్దేరండి. ఒకే ఛార్జర్ ఉన్న చోటును నమ్ముకోకండి, రెండు మూడు గన్నులు (కారుకు తగిలించే కనెక్టర్లు) ఉన్న స్టేషన్ చూసుకోండి, దాని తర్వాత 40 కిలోమీటర్లలో మరొకటి గుర్తుపెట్టుకోండి. 80 శాతానికి రాగానే తీసేసి వెనకవారికి చోటివ్వండి.

80 శాతం తర్వాత ఛార్జింగ్ ఎందుకంత నెమ్మదిస్తుంది?

నిండేకొద్దీ సెల్లులు దెబ్బతినకుండా కారే కరెంటును తగ్గించుకుంటుంది. 10 నుంచి 80కి ముప్పావు గంట పడితే, 80 నుంచి 100కి మరో ముప్పావు గంట పట్టవచ్చు. నిమిషం చొప్పున వసూలు చేసే చోట డబ్బు కూడా వృథా. ఇంకో సంగతి: 120 కిలోవాట్ల ఛార్జర్‌కు తగిలించినా, మీ కారు 50 తీసుకోగలిగితే 50 వేగంతోనే ఎక్కుతుంది. ఇప్పుడు వచ్చే కుటుంబ కార్లలో దాదాపు అన్నిటికీ వేగ ఛార్జింగ్‌కు సీసీఎస్ 2 అనే రకం గన్ను సరిపోతుంది.

తిరుమల ఘాట్ ఎక్కగలదా?

సులువుగా ఎక్కుతుంది. తిరుపతి నుంచి కొండకు దాదాపు 700 మీటర్ల ఎత్తు, దానికీ రోడ్డుకూ కలిపి ఐదారు యూనిట్లు ఖర్చవుతాయి. మీటరులో శాతం వేగంగా దిగుతుంటే భయపడకండి, దిగేటప్పుడు కొంత తిరిగి చేరుతుంది, బ్రేకులూ వేడెక్కవు. అయితే కొండపైన 100 శాతం నింపి దిగితే బ్యాటరీలో చోటుండదు, ఆ లాభం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 85 దాటకుండా చూసుకోండి.

దారిలో ఛార్జ్ పూర్తిగా అయిపోతే?

కంపెనీ రోడ్డు సహాయానికి ఫోను చేయండి. తాడు కట్టి లాగించవద్దు, చక్రాలు తిరిగితే మోటారు దెబ్బతినవచ్చు. నాలుగు చక్రాలూ పైకెత్తి తీసుకెళ్లే బండినే రమ్మనండి.

## ఏళ్లు గడిచాక

సర్వీసు ఖర్చు ఎంత తగ్గుతుంది?

ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్చు లేవు. బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. మిగిలేవి ఏసీ ఫిల్టరు, బ్రేకు ద్రవం, బ్యాటరీని చల్లబరిచే కూలెంటు, వైపర్లు. టైర్లకు మాత్రం పెట్రోలు కారుకంటే ఎక్కువే పెట్టాలి, బరువు, ఒక్కసారిగా వచ్చే తోపుడు వల్ల త్వరగా అరుగుతాయి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్నది పోతే కారు తలుపులే తెరుచుకోకపోవచ్చు. మూడో ఏడు దాటాక దాన్ని పరీక్షింపజేయండి.

బీమా తక్కువ పడుతుందా?

ఎలక్ట్రిక్ కార్లకు తప్పనిసరి థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు 2022 నుంచి ఉంది. అయినా కట్టేది తక్కువ కాకపోవచ్చు. మోటారు శక్తి 65 కిలోవాట్లు దాటితే ఏడాదికి 6,712 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ పెట్రోలు కారుకు 3,416 మాత్రమే. కారు విలువ ఎక్కువ కాబట్టి సొంత నష్టం ప్రీమియం కూడా పెరుగుతుంది. పాలసీలో బ్యాటరీ, ఛార్జర్, నీటి నష్టం విడివిడిగా పేర్కొన్నారో లేదో చూసి, తరుగుదల లేని (జీరో డిప్రిసియేషన్) కవరు తీసుకోండి. ఇక్కడ రెండు మూడు వేలు మిగుల్చుకుంటే ప్రమాదం జరిగినప్పుడు లక్షల్లో తేడా వస్తుంది.

బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది? పోతే లక్షలు పెట్టాలా?

చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇస్తున్నాయి. కొన్ని మోడళ్లకు మొదటి యజమానికి ఇంకా ఎక్కువ కాలం ఉంది. బ్యాటరీ ఒకరోజు హఠాత్తుగా చచ్చిపోయేది కాదు, ఏటా కొంచెం కొంచెం సామర్థ్యం తగ్గుతుంది. 300 కిలోమీటర్లు వచ్చినది కొన్నేళ్ల తర్వాత 250 రావచ్చు, నగర వాడకానికి అప్పుడూ చాలు. పాడైతే ప్యాక్ మొత్తం కాకుండా లోపలి మాడ్యూల్ మాత్రమే మార్చే వీలు చాలా కార్లలో ఉంది. హామీ పత్రంలో ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో, ఏ కారణాలతో హామీ రద్దవుతుందో చదవండి. గుర్తింపు లేని గ్యారేజీలో వైర్లు కోసి హారను, దీపాలు బిగించడం కూడా ఆ కారణాల్లో ఉంటుంది.

వానలో ఛార్జ్ పెట్టవచ్చా? వరద నీళ్లలో మునిగితే?

వానలో పెట్టవచ్చు. కానీ గోడ ప్లగ్ తడవకుండా పైన కప్పు ఉండాలి, తడి చేతులతో ముట్టకండి. కార్ల బ్యాటరీ ప్యాకులు సాధారణంగా ఐపీ 67 స్థాయివి, మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా పరీక్షిస్తారు. అయితే అది నడుము లోతు నీటిలోకి నడపడానికి ఇచ్చిన అనుమతి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన ఎలక్ట్రిక్ కారును స్టార్ట్ చేయకండి, ఛార్జ్ పెట్టకండి, ఇంటి గోడకు దూరంగా ఉంచి కంపెనీకి, బీమా సంస్థకు చెప్పండి. పైకి ఆరినట్లు కనిపించినా లోపలి తేమ వల్ల కొన్ని రోజుల తర్వాత కూడా మంటలు రావచ్చు.

పాత ఎలక్ట్రిక్ కారు కొంటే మంచిదేనా?

మొదటి మూడు నాలుగేళ్లలో ధర బాగా పడిపోతుంది కాబట్టి కొనేవారికి మంచి అవకాశమే. కిలోమీటర్ల రీడింగుకంటే బ్యాటరీ ఆరోగ్య శాతం ముఖ్యం. అధీకృత సర్వీసు కేంద్రంలో ఆ నివేదిక తీయించి చేతిలో పెట్టమని అడగండి, ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. బ్యాటరీ హామీ రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. 100 శాతం నింపి 50 కిలోమీటర్లు నడిపి, ఎంత శాతం తగ్గిందో చూడండి. 30 యూనిట్ల కారుకు అది 25 శాతం దాటితే కారణం తెలియకుండా డబ్బు కట్టవద్దు. 2020లో వచ్చిన మొదటి తరం కార్లలో వేగ ఛార్జింగ్ నెమ్మదిగా ఉంటుంది. నగరంలో తిరగడానికైతే అది అడ్డు కాదు, తరచూ ఊళ్లు తిరిగేవారు మాత్రం ఆ ఒక్కటి సరిచూసుకుని ధర మాట్లాడండి.